బుధవారం మాత్ర, శుక్రవారం రిలీజు

బాచుపల్లిలో ఇల్లు, హైటెక్ సిటీలో ఉద్యోగం ఉన్నవాళ్లకి రోజు నిజాంపేట క్రాస్‌రోడ్డు దగ్గర మొదలవుతుంది. నాకు అంతకు గంటన్నర ముందే, మంచం మీదే మొదలవుతుంది. లేవగానే ముందు చూసుకునేది వేళ్లని. పిడికిలి పూర్తిగా ముడుచుకుంటే ఆ రోజు కారు నేనే నడుపుతాను. సగమే ముడుచుకుంటే క్యాబు. అసలు ముడుచుకోకపోతే మా ఆయన లేచి పాల ప్యాకెట్టు కత్తిరిస్తారు. నేను వేడినీళ్ల గిన్నెలో చేతులు పెట్టుకుని కూర్చుని, ఆలస్యంగా వస్తానని ఆఫీసు గ్రూపులో నోటితో చెప్పి మెసేజి పెడతాను. ఫోనేమో పొద్దుటి మీటింగుని 'స్టాండప్' అంటే 'స్టాండు పప్పు' అని రాస్తుంది. మా టీమ్‌కి అది అలవాటైపోయింది.

నాకున్నది రుమటాయిడ్ ఆర్థరైటిస్, తెలుగులో కీళ్లవాతం. ముప్పై ఏడేళ్లు. ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో టెస్టింగ్ విభాగంలో పనిచేస్తాను. పెద్ద స్థాయికి వెళ్లాలని ఉద్యోగంలో చేరిన రోజు నుంచీ ఉంది, ఇప్పటికీ ఉంది. ఈ చివరి మాట చెబితే చాలామంది నా మొహం వంక వింతగా చూస్తారు. జబ్బు వచ్చాక మనిషి 'ఆరోగ్యమే మహాభాగ్యం' అని వైరాగ్యంలోకి వెళ్లిపోవాలని మనవాళ్ల లెక్క. నాకు వైరాగ్యం రాలేదు. అప్రైజల్ వచ్చినప్పుడల్లా కడుపులో దేవినట్టే ఉంటుంది.

ముందు జబ్బు సంగతి చెప్పాలి, ఎందుకంటే పేరు వినగానే అందరికీ బామ్మల మోకాళ్లు గుర్తొస్తాయి. అది ఆస్టియో ఆర్థరైటిస్. వయసుతో, బరువుతో కీళ్ల మధ్య ఉండే మెత్తటి ఎముక అరిగిపోవడం. నాది అరుగుదల కాదు. ఒంట్లోకి క్రిములొస్తే పోరాడాల్సిన రక్షణ వ్యవస్థ, కీలు లోపలుండే పల్చటి పొరని శత్రువనుకుని దాని మీద పడుతుంది. ఆ పొర వాచి, మందమై, పక్కనున్న ఎముకని తినడం మొదలుపెడుతుంది. ఎక్కువగా వేళ్లు, మణికట్లు, కాలి వేళ్ల మొదళ్లు. కుడిచేతికొస్తే సాధారణంగా ఎడమచేతికీ వస్తుంది. పొద్దున్నే కీళ్లు బిగుసుకుపోయి, గంటా రెండు గంటలు గడిస్తేగానీ వదలవు. ఆడవాళ్లలో మగవాళ్ల కంటే రెండు మూడు రెట్లు ఎక్కువ. మొదలయ్యేది ఎక్కువగా 30కీ 60కీ మధ్య. అంటే టీమ్ లీడ్ మేనేజరయ్యే వయసులో, పిల్లలు బడికెళ్లే వయసులో, ఇంటి లోన్ ఈఎంఐ సగం కూడా తీరని వయసులో.

నాకు పాప పుట్టిన ఏడాదికి మొదలైంది. కాన్పు తర్వాత ఏడాదిలో ఈ జబ్బు బయటపడటం అరుదేం కాదని తర్వాత తెలిసింది. అది 2018 వానాకాలం. బాచుపల్లి, ప్రగతినగర్ అంతా జ్వరాలు. చికున్‌గున్యా తాలూకు నొప్పులన్నారు. నిజమే, అదీ ఇలాగే వేళ్లు పట్టేస్తుంది. పాపని ఎత్తుకుని ఎత్తుకుని మణికట్టు పట్టేసిందన్నారు ఇంకొకరు. పాలకొల్లు నుంచి మా అమ్మ ఫోన్లోనే తేల్చేసింది, "వాతం చేసిందే, దుంపలు మానెయ్" అని. కాల్షియం మింగాను, డి విటమిన్ పొడి పాలల్లో కలుపుకుని తాగాను, దుంపలు మానేశాను. సేఫ్టీ పిన్ను పెట్టుకోవడం రాక చీర కట్టడం కూడా మానేశాను. 2019లో గానీ రుమటాలజిస్టు దగ్గరికి చేరలేదు. ఎముకల డాక్టరు వేరు, రుమటాలజిస్టు వేరు అన్న సంగతి, చదువుకున్న ఈ కాలనీలో నాకెవరూ చెప్పలేదు. పంజాగుట్ట నిమ్స్‌లో రుమటాలజీకి ఒక విభాగమే ఉంది. ఈ జబ్బులో మొదటి కొన్ని నెలలు బంగారం లాంటివి. అప్పుడే గట్టి మందు పడితే ఎముక దెబ్బతినకముందే దాడిని ఆపొచ్చు. వేళ్లలో వాపుతో పాటు పొద్దుటి బిగుతు కొన్ని వారాలు వదలకపోతే, రుమటాయిడ్ ఫ్యాక్టర్, యాంటీ సీసీపీ అనే రక్తపరీక్షలు చేయించుకోవాలి. ఈ వ్యాసంలో ఇంకేం గుర్తున్నా లేకపోయినా ఈ మాట గుర్తుంటే చాలు.

డాక్టరుగారు ఒళ్లంతా కాకుండా లెక్కపెట్టి 28 కీళ్లు నొక్కి చూశారు. ఎన్ని నొప్పి, ఎన్ని వాపు, రక్తంలో వాపు జాడ చెప్పే ఈఎస్ఆర్ ఎంత, నాకు నేను ఎలా ఉన్నాననిపిస్తోంది, అన్నీ కలిపి ఒక స్కోరు. 2.6 కంటే తగ్గితే జబ్బు అణిగినట్టు. టెస్టింగ్ వృత్తిలో ఉన్నదాన్ని కదా, ఈ లెక్క నాకు భలే నచ్చింది. ఎలా ఉంది అని ఎవరడిగినా 'పర్లేదు' అనే దగ్గర ఆగిపోకుండా చెప్పడానికి ఒక అంకె దొరికింది.

ఆ రోజు రాసిచ్చిన మందు మెథోట్రెక్సేట్. వారానికి ఒక్కసారే వేసుకోవాలి, రోజూ కాదు. పొరపాటున రోజూ వేసుకుంటే ప్రాణం మీదకొస్తుందని డాక్టరు, నర్సు, మందుల షాపు కుర్రాడు ముగ్గురూ చెప్పారు. మిగతా రోజుల్లో ఫోలిక్ యాసిడ్. నెలలో, రెణ్నెల్లలో ఓసారి రక్తపరీక్ష, కాలేయం బాగుందో లేదో చూడ్డానికి.

ఈ రెండు మాత్రల వెనక ఉన్న మనిషి మా జిల్లావాడని తెలిసినప్పుడు నాకు నవ్వొచ్చింది. యల్లాప్రగడ సుబ్బారావు గారు. 1895లో భీమవరంలో పుట్టారు. పాలకొల్లు వాళ్లకి భీమవరమంటే పొద్దున వెళ్లి మధ్యాహ్నం భోజనానికి తిరిగొచ్చే దూరం. అమెరికాలో లెడర్లీ ల్యాబొరేటరీస్‌లో ఆయన నడిపిన పరిశోధక బృందం 1940ల్లో ఫోలిక్ యాసిడ్‌ని ప్రయోగశాలలో తయారుచేసింది. తర్వాత దాని పనిని అడ్డుకునే పదార్థాలనీ అదే బృందం తయారుచేసింది. అమినోప్టెరిన్ వాటిలో ఒకటి. 1948లో బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ దాన్ని లుకేమియా పిల్లలకిచ్చి, జబ్బు తాత్కాలికంగానైనా వెనక్కి తగ్గుతుందని చూపించారు. దాని తోబుట్టువే మెథోట్రెక్సేట్. క్యాన్సర్‌కి ఎక్కువ మోతాదులో ఇచ్చే ఆ మందు, చిన్న మోతాదులో కీళ్లవాతానికి పనికొస్తుందని నమ్మకం కుదిరి అమెరికాలో అనుమతి వచ్చేసరికి 1988 అయింది. అప్పటికి సుబ్బారావు గారు పోయి నలభై ఏళ్లు. బుధవారం ఒకటి, మిగతా రోజుల్లో దాని విరుగుడు. రెండూ ఒకే ఇంటి సరుకు.

ఆయన కథని బడిలో మనకి పట్టుదల కథగా చెప్పారు. అందులో జబ్బు ఉందని ఎవరూ చెప్పలేదు. ఆయన అన్నదమ్ములిద్దరు కొద్ది రోజుల తేడాతో స్ప్రూ అనే పేగుల జబ్బుతో పోయారు. ఆయనకీ అదే జబ్బు వచ్చింది. మద్రాసులో ఆయుర్వేద వైద్యులు ఆచంట లక్ష్మీపతి గారి వైద్యంతో కోలుకుని, వారి కళాశాలలోనే కొన్నాళ్లు పాఠాలు చెప్పారు. తర్వాతెప్పుడో తన బృందం చేసిన ఫోలిక్ యాసిడ్ ఆ స్ప్రూకే మందుగా పనికొచ్చింది. మనం పిల్లలకి చెప్పేటప్పుడు జబ్బుని కత్తిరించి పట్టుదల మాత్రమే ఎందుకు చెబుతామో నాకర్థం కాదు.

బుధవారమే ఎందుకో చెప్పాలి. మాత్ర వేసుకున్న మర్నాడు కడుపులో తిప్పుతుంది, తల బరువెక్కుతుంది, మనిషి పనికిరాదు. అందరూ శనివారం రాత్రి వేసుకుని ఆదివారం పడుకుంటారు. మాకు రిలీజులు, అంటే కొత్త సాఫ్ట్‌వేర్‌ని వాడుకలోకి వదలడం, శుక్రవారం రాత్రి మొదలై శనివారం తెల్లవారుజాము దాకా సాగుతాయి. ఏదైనా తేడా వస్తే ఆదివారం కూడా లేదు. ఆదివారం రాత్రి వేసుకుంటే సోమవారం ఉదయం క్లయింటు సమీక్ష. డాక్టరుగారి ముందు ఫోన్లో క్యాలెండరు తెరిచి కూర్చున్నాను. "ఏ రోజైనా ఫర్వాలేదమ్మా, రోజు మారకూడదంతే" అన్నారాయన. అలా బుధవారం రాత్రి ఖాయమైంది. గురువారం ఇంటి నుంచి పని అన్నది తర్వాత కుదిరింది. చదివేవాళ్లకి ఇది చిన్న విషయంలా కనిపించొచ్చు. నా ఉద్యోగం నిలబడింది ఇలాంటి వాటి మీదే.

ఆఫీసులో జబ్బు సంగతి చెప్పడం అప్పట్లో సులువుగా జరగలేదు. జబ్బు పేరు తెలిసిన వారంలో మా మేనేజరుకి చెప్పాను. చాలా మంచాయన. "ఈ ఏడు కాస్త రెస్ట్ తీసుకోమ్మా" అని, నేను ఆర్నెల్లుగా తయారుచేసిన పెద్ద ప్రాజెక్టుని ఇంకొకరికి అప్పగించారు. నన్నడగలేదు. నా మంచికే చేశారని ఆయన నమ్మకం. ఏడాది చివర రేటింగులకి కూర్చున్నప్పుడు, పెద్ద ప్రాజెక్టు చేయలేదు కాబట్టి మామూలు రేటింగే వచ్చింది. మేనేజరు పదవి వరసలో వెనక్కి వెళ్లిపోయాను. తిట్టే బాసుని ఎదిరించొచ్చు. జాలిపడే బాసుని ఏం చేస్తాం? ఇంటికొచ్చి ఏడిస్తే మా అత్తయ్యగారు, "పోనీలేమ్మా, ఒంట్లో బాగాలేనప్పుడు ఉద్యోగమెందుకు, అబ్బాయి సంపాదిస్తున్నాడుగా" అన్నారు. ఆవిడదీ ప్రేమే. ఆ సాయంత్రం అంతటి ప్రేమల మధ్య నాకు ఊపిరాడలేదు.

అప్పుడే, గురువారాలు ఇంటి నుంచి పనిచేస్తానని అడిగాను. కంపెనీ పాలసీ ఒప్పుకోదు, క్లయింటు డేటా భద్రత, కుదరదన్నారు. మళ్లీ అడిగితే మళ్లీ కుదరదన్నారు. 2020 మార్చి చివర్లో లాక్‌డౌన్ వచ్చింది. సరిగ్గా ఒక్క వారంలో ఆఫీసులో ఉన్న ప్రతి మనిషికీ లాప్‌టాప్, మానిటరు, కొందరికి కుర్చీతో సహా ఇంటికి పంపారు. నా ఒక్కదానికి అసాధ్యమైంది అందరికీ సాధ్యమైపోయింది. ఆ రెండేళ్లు, కరోనా భయం ఒక పక్క పీకుతున్నా (రక్షణ వ్యవస్థని తగ్గించే మందులు వేసుకునేవాళ్లకి ఆ భయం రెట్టింపు), ఉద్యోగంలో నావి మంచి రోజులు. పొద్దున వేళ్లు వదిలేదాకా ఆగి, పదకొండుకి మొదలుపెట్టి, రాత్రి అమెరికా వాళ్లు లేచే వేళకి నేను చురుగ్గా ఉండేదాన్ని. టెస్ట్ ఆటోమేషన్ మొత్తం కొత్తగా కట్టింది అప్పుడే. ఎవరూ నా చేతులు చూడలేదు, చేసిన పని చూశారు.

ఒక్క ఇబ్బంది మాత్రం ఊహించనిది. నేను వాడే ఇంకో మాత్ర హైడ్రాక్సీక్లోరోక్విన్. అది కరోనాకి మందని ప్రపంచమంతా ఎగబడటంతో 2020 మార్చి, ఏప్రిల్లలో షాపుల్లో దొరకలేదు. కీళ్లవాతం, లూపస్ ఉన్నవాళ్లు రోజూ వేసుకునే మాత్రని, ఏ జబ్బూ లేనివాళ్లు బీరువాల్లో దాచుకున్నారు. మా ఆయన నిజాంపేట, కూకట్‌పల్లి, మియాపూర్ తిరిగి ఎక్కడో రెండు అట్టలు పట్టుకొచ్చారు.

ఇక్కడ నాలాగే ఈ జబ్బుతో పనిచేసిన ఒక పెద్దాయన సంగతి చెప్పాలి. క్రిస్టియాన్ బర్నార్డ్. 1967 డిసెంబరులో దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌన్‌లో ప్రపంచంలో మొదటిసారి మనిషికి మనిషి గుండె మార్చిన సర్జన్. ఆయనకి కీళ్లవాతమని తెలిసింది 1956లో. అంటే ఆ ఆపరేషన్ చేసేనాటికి పదకొండేళ్లుగా నా జబ్బే ఉంది, అదీ ఈనాటి మందులు చాలావరకు లేని కాలంలో. చేతులు ఇక సహకరించక 1983లో ఆపరేషన్లు మానేశారు. నాకు ఆయన కథలో నచ్చేది 1967 ఒక్కటే కాదు, 1983 కూడా. ఇక వద్దని తేల్చుకునేటప్పుడు ఆ నిర్ణయం ఆయనదే కావాలి. 2019లో నా నిర్ణయం నా చేతుల్లో లేకుండా పోయిందన్నదే నా బాధంతా.

అందుకే 2022లో మళ్లీ ఆఫీసుకి రమ్మన్నప్పుడు, అప్పటికి మారిన కొత్త మేనేజరుకి నేను బాధలు చెప్పలేదు. ఒక పేజీ మెయిల్ రాశాను. పదకొండుకి ముందు నాకు మీటింగులు వద్దు, ఆ తర్వాత ఎంత రాత్రైనా సరే. గురువారం ఇంటి నుంచి. రిలీజు రాత్రి నాతో పాటు ఇంకొకరికి అన్నీ తెలిసుండాలి, వాళ్లకి నేనే నేర్పుతాను. ఆఫీసు కీబోర్డు బదులు మెత్తటి మీటలున్నదీ, నిలువుగా పట్టుకునే మౌసూ కావాలి. బదులుగా ఈ ఏడు నేనిచ్చేది ఇది, అని కింద నాలుగు లైన్లు. నా జబ్బు వివరం ఒక్క వాక్యం. ఏ పని ఇవ్వాలో వద్దో నన్నడిగి నిర్ణయించండని చివర్లో ఇంకో వాక్యం. ఆవిడ పావుగంటలో ఒప్పుకుంది. అందరూ అలా ఒప్పుకుంటారని కాదు. కానీ "నాకు బాగాలేదు, కాస్త చూడండి" అంటే ఎదుటివాళ్లకి ఏం చేయాలో తెలియక జాలిపడతారు. కీబోర్డు కొనమంటే కొంటారు.

ఆ మెయిల్లో రాయనిది ఒకటుంది, అలసట. నొప్పిని అందరూ నమ్ముతారు, వేళ్లు వాచి కనిపిస్తాయి కాబట్టి. అలసటని ఎవరూ నమ్మరు. మా అపార్ట్‌మెంట్లో ఎండాకాలం నీళ్ల ట్యాంకు లాంటిది అది. మధ్యాహ్నం నాలుగింటికి అయిపోయిందంటే అయిపోయింది. ట్యాంకరు వచ్చేదాకా కుళాయి ఎంత తిప్పినా చుక్క రాదు. కాబట్టి కష్టమైన ఆలోచన పని పన్నెండు నుంచి మూడు లోపల పెట్టుకుంటాను. నాలుగు తర్వాత మెయిళ్లు, ఫారాలు, నవ్వుతూ తలూపే మీటింగులు. మంచి ఆరోగ్యంతో ఉన్న మా టీమ్ కుర్రాళ్లు రోజంతా కూర్చుని చేసేది కూడా నిజానికి ఆ మూడు గంటల పనే. చెబితే ఒప్పుకోరు.

ఇక దారి. బాచుపల్లి నుంచి సైబర్ టవర్స్‌కి పదిహేను కిలోమీటర్లు కూడా ఉండదు. కానీ జేఎన్‌టీయూ దాటి ఫ్లైఓవరు ఎక్కేసరికి గేరు మార్చి మార్చి ఎడమ మణికట్టు అయిపోతుంది. గేర్లు లేని కారు కొన్నాం. ఈఎంఐ పెరిగింది, మణికట్టు మిగిలింది. కారు తీయలేని రోజు మియాపూర్ మెట్రో. మొదటి స్టేషను కాబట్టి సీటు గ్యారంటీ. అమీర్‌పేటలో దిగి, పైకెక్కి, రాయదుర్గం రైలు పట్టుకోవాలి. అక్కడి నుంచి నిలబడే ప్రయాణం. పైకి నాకేమీ కనిపించదు కదా, సీటడిగితే కాలేజీ పిల్లలు ఎగాదిగా చూస్తారు. ఒకటి రెండు సార్లు మణికట్టుకి అవసరం లేకపోయినా పట్టీ కట్టుకుని ఎక్కాను. వెంటనే లేచి సీటిచ్చారు. ఏం చేస్తాం, కళ్లకి కనిపించే జబ్బుకే మర్యాద.

చట్టం కూడా ఇంచుమించు అలాగే చూస్తుంది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలని గుర్తించింది. మల్టిపుల్ స్క్లిరోసిస్, పార్కిన్సన్స్, హీమోఫీలియా, తలసేమియా, సికిల్ సెల్ లాంటి దీర్ఘకాలిక జబ్బుల పేర్లు కూడా అందులో ఉన్నాయి, అది మంచి మార్పు. కీళ్లవాతం, మధుమేహం, లూపస్ పేర్లు లేవు. నా వేళ్లు వంకర తిరిగి 40 శాతం వైకల్యమని సర్టిఫికెట్ వస్తే నాకూ వర్తిస్తుంది. అంటే మందులు బాగా పనిచేసినంత కాలం నేను చట్టానికి కనిపించను. జబ్బు సెలవుకైతే మన దుకాణాలు, సంస్థల చట్టంలో ఏడాదికి 12 రోజులు ఉంది. ఫ్లూ వచ్చేవాళ్లకి సరిపోతుంది. విచిత్రమేమంటే మా అపార్ట్‌మెంట్ సెక్యూరిటీ గార్డుకి ఈ విషయంలో నాకంటే మంచి ఏర్పాటుంది. నెలకి 21 వేల లోపు జీతం ఉన్నవాళ్లకి వర్తించే ఈఎస్ఐ కార్మిక బీమాలో క్షయ, క్యాన్సర్, పక్షవాతం లాంటి 34 దీర్ఘకాలిక జబ్బుల జాబితా ఉంది. వాటిలో ఏదైనా వస్తే జీతంలో 80 శాతం చొప్పున గరిష్ఠంగా రెండేళ్ల దాకా ఇస్తారు. అద్దాల మేడల్లో పనిచేసేవాళ్లకి అలాంటిది లేదు. మాకున్నది గ్రూప్ ఇన్సూరెన్సు, హెచ్‌ఆర్ మంచితనం.

ఆ ఇన్సూరెన్సు కార్డు నా కెరీర్‌ని ఎంత మలుపు తిప్పిందో చెబితే ఆశ్చర్యపోతారు. పెద్ద కంపెనీల గ్రూప్ పాలసీలు సాధారణంగా పాత జబ్బులకి చేరిన రోజు నుంచే వర్తిస్తాయి. సొంతంగా కొనుక్కుంటే పాత జబ్బుకి ఆగాల్సిన కాలం ఉంటుంది. అది 48 నెలల దాకా ఉండేది, 2024లో బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ గరిష్ఠంగా 36 నెలలకి తగ్గించింది. ఓ స్టార్టప్ నుంచి నాకు మంచి పదవే వచ్చింది. జీతం ఎక్కువ, వాటాలు కూడా ఇస్తామన్నారు. ఇన్సూరెన్సు కాగితాలు పంపమన్నాను. చదివి, వద్దనుకున్నాను. అదే నెలలో నేనూ మా ఆయనా కూర్చుని సొంత పాలసీ ఒకటి తీసుకున్నాం, ఆ మూడేళ్ల గడియారం ఇప్పటి నుంచే తిరగాలని. ఉద్యోగంలో ఉండగానే, ఆరోగ్యం కాస్త బాగున్నప్పుడే ఈ పని చేయాలి. జబ్బు దాచకుండా ఫారంలో రాయాలి. దాచితే క్లెయిమ్ రోజున దొరికిపోతాం.

2023లో మాత్రలు సరిపోలేదు. స్కోరు పైకి వెళ్లింది, డాక్టరుగారు రిటుక్సిమాబ్ అన్నారు. రక్షణ వ్యవస్థలో గొడవ చేసే బి కణాలని ఏరి తీసేసే ఇంజెక్షను. వెయ్యి మిల్లీగ్రాముల చొప్పున రెండు వారాల తేడాతో రెండుసార్లు, సెలైనులా నెమ్మదిగా ఎక్కిస్తారు. దాదాపు ఒక రోజు పని. అవసరాన్ని బట్టి ఆర్నెల్లకో, ఆపైనో మళ్లీ. ముందు క్షయ, హెపటైటిస్ బి పరీక్షలు చేసి, టీకాలు వేయాల్సినవి వేసి మరీ మొదలుపెడతారు. ఈ మందుకీ మా ఊరికీ చుట్టరికం ఉంది. 2007లో డాక్టర్ రెడ్డీస్ ఈ మందుకి తన రూపాన్ని రెడిటక్స్ పేరుతో, అసలుదానికంటే బాగా తక్కువ ధరకి విడుదల చేసింది. ఆ సంస్థ బయోలాజిక్స్ విభాగం ఉన్నది బాచుపల్లిలోనే. పొద్దున మా వీధి చివర షిఫ్టు బస్సు ఎక్కే కుర్రాళ్లని చూస్తూ ఇన్నేళ్లు హారన్ కొట్టాను. ఇప్పుడు కొట్టను. రాత్రి పూట మందుల ఫ్యాక్టరీల వాసన వస్తోందని అపార్ట్‌మెంట్ గ్రూపులో గొడవ జరిగినప్పుడు మాత్రం నేను ఎటూ మాట్లాడలేక ఊరుకుంటాను.

ఇలాంటి ఇంజెక్షన్లని బీమా కంపెనీలు ఒకప్పుడు, మంచం మీద 24 గంటలు లేరు కదా అని తోసేసేవి. వీటిని, అంటే మోనోక్లోనల్ యాంటీబాడీ ఇంజెక్షన్లని, పాలసీలోంచి మినహాయించకూడదని ఐఆర్‌డీఏఐ తర్వాత నియమం పెట్టింది. పరిమితి ఎంతో మాత్రం మీ పాలసీలో చూసుకోవాలి. ఇంజెక్షన్ తేదీ నేను రిలీజు అయిన మరుసటి వారంలో వేసుకుంటాను. రెండు క్యాలెండర్లూ పక్కపక్కన పెట్టి చూస్తే మా ప్రాజెక్టు మేనేజరు కంటే నా ప్రణాళికే బాగుంటుంది. ఈ మాట ఆయనతో కూడా అన్నాను.

మేనేజరు పదవి మళ్లీ ఎదురుగా వచ్చింది. ఈసారి నన్నడిగే ఇచ్చారు. ఆలోచించి, వద్దని టెస్ట్ ఆర్కిటెక్ట్ దారి ఎంచుకున్నాను. మేనేజరు పని అంటే రోజంతా మనుషుల మధ్య, ఎవరికెప్పుడు కావాలంటే అప్పుడు అందుబాటులో ఉండటం. నా జబ్బుకి పడనిది సరిగ్గా అదే. ఆర్కిటెక్ట్‌కి పని కొండంత ఉన్నా, వేళ నా చేతిలో ఉంటుంది. జీతంలో తేడా లేదు. ఇది సర్దుకుపోవడం అని కొందరన్నారు. నేనలా అనుకోను. కానీ చికాగో ఆన్‌సైట్ అవకాశం వదులుకున్నది మాత్రం సర్దుకుపోవడమే. అక్కడి వైద్యం ఖర్చు, ఆ చలి, పాప బడి అన్నీ లెక్కేసి వద్దనుకున్నాం. నాతో చేరినవాళ్లు అక్కడ ఇళ్లు కొనుక్కుని ఫొటోలు పెడుతుంటే చూసి సంతోషపడతానని చెబితే అబద్ధం.

ఇంకో లెక్క ఎవరికీ చెప్పుకోలేనిది, రెండో బిడ్డ. మెథోట్రెక్సేట్ గర్భంలో బిడ్డకి హాని చేస్తుంది, కనీసం మూడు నెలల ముందే ఆపాలి. గర్భంతో ఉండగా చాలామందికి జబ్బు నెమ్మదిస్తుంది, కాన్పయ్యాక తిరగబెడుతుంది. చట్టం ఇచ్చే 26 వారాల సెలవు ముగిసే వేళకి చేతుల్లో బిడ్డా, వేళ్లలో వాపూ. ఆ లెక్క మేం వేసుకున్నాం. ఫలితం మా ఇంట్లోనే ఉంచుకుంటాను.

2022 అక్టోబరులో సినిమా నటి సమంత తనకి మయోసైటిస్ ఉందని బయటపెట్టినప్పుడు మా క్యాంటీన్లో వారం రోజులు అదే మాట. మయోసైటిస్‌లో దాడి కండరాల మీద, నాకు కీళ్ల మీద. మూలం మాత్రం ఇద్దరికీ రక్షణ వ్యవస్థ తిరగబడటమే. "సమంతకొచ్చిందేనా అక్కా నీకూ?" అని అడిగినవాళ్లకి "ఆ, అదే కుటుంబం" అంటే చాలు, మునుపటిలా పావుగంట పాఠం చెప్పే పని తప్పింది. ఆటో ఇమ్యూన్ అన్న మాట తెలుగిళ్లల్లోకి వచ్చింది ఆవిడ వల్లే. చేతికి సెలైన్ ఉండగానే 'యశోద' సినిమాకి డబ్బింగ్ చెబుతూ ఆవిడ పెట్టిన ఫొటో మీద మాత్రం నాకు రెండు మనసులు. చేతికి సూదితో పనిచేయడాన్ని మనవాళ్లు ఎంతో గొప్పగా చెప్పుకున్నారు. తర్వాత ఆవిడ సినిమాలకి కొన్నాళ్లు విరామం తీసుకుంటే అంతగా ఎవరూ చెప్పుకోలేదు. నాకు ఆ రెండోదే ధైర్యంగా అనిపించింది. ఈఎంఐలున్న మాలాంటివాళ్లకి అది కుదరకపోవచ్చు, అది వేరే సంగతి.

ఈ మధ్య మా టీమ్‌లో చేరిన అమ్మాయికి పెద్దపేగు జబ్బు ఉంది, అల్సరేటివ్ కొలైటిస్. ఇంటర్వ్యూలోనే చెప్పాల్సిందా అని అడిగింది. పని చేయగలిగే ఉద్యోగానికి వెళ్తున్నప్పుడు జబ్బు పేరు చెప్పక్కర్లేదనీ, చేరాక ఏర్పాటు కావాల్సి వస్తే అప్పుడు కావలసినంతే చెప్పమనీ, మెడికల్ ఫారంలో మాత్రం అబద్ధం రాయొద్దనీ చెప్పాను. తన సీటు రెస్ట్‌రూమ్‌కి దగ్గరగా మార్పించుకోవడానికి ఆర్నెల్లుగా సిగ్గుపడుతోందట. నా పాత మెయిల్ పంపి, పేర్లు మార్చుకుని పెట్టుకోమన్నాను. మర్నాడే సీటు మారింది. ఇప్పుడు ఆ అమ్మాయికి నా సీటు కంటే మంచి కిటికీ.

మాకు మళ్లీ పైనుంచి కొత్తాయన వచ్చారు. వచ్చే త్రైమాసికం నుంచి అందరూ వారానికి అయిదు రోజులూ రావాలని మెయిల్ వచ్చింది. నా గురువారం సంగతేమిటని రాశాను. పాత అనుమతి, మూడేళ్ల రిలీజుల లెక్క, ఈ ఏడు నేను చేయబోయే పని, అన్నీ జతచేశాను. చదివారట. సోమవారం పొద్దున తొమ్మిదిన్నరకి కూర్చుని మాట్లాడదామన్నారు. పదకొండున్నర చేయమని ఇప్పుడే జవాబు పెట్టాను.